చేనికి ఒక ఆస్తి పుస్తకం: గోదావరి డెల్టా వరి భూముల సహజ మూలధనాన్ని కొలిచే పద్ధతి

డెల్టాలో ఏ ఊరి అరుగు మీద కూర్చుని అడిగినా, ఎవరి చేను ఎకరానికి ఎన్ని బస్తాలు పండిందో చెబుతారు. నిరుటి లెక్క, ముందటేటి లెక్క కూడా నోటికే ఉంటుంది. ఆ పంట తీశాక చేను ఏ స్థితిలో మిగిలిందని అడిగితే మాత్రం జవాబు ‘బాగానే ఉంది’ దగ్గర ఆగిపోతుంది. నలభై బస్తాలు పండిన చేను తన సత్తువతోనే పండి ఉండవచ్చు. పోయిన సత్తువను కప్పిపుచ్చేలా అదనంగా చల్లిన యూరియాతోనూ పండి ఉండవచ్చు. బస్తాల లెక్కలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేను స్థితిని విడిగా కొలవాలనడానికి ఉన్న కారణం అదే.

మట్టి, వచ్చే నీరు, పోయే మురుగు, గట్ల మీది చెట్టూచేమా, పైరులో తిరిగే మిత్రపురుగులు. ఏటా పంటనివ్వగల ఈ నిల్వ మొత్తాన్ని సహజ మూలధనం అంటున్నారు. దీన్ని లెక్కగట్టడానికి ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2021 మార్చిలో ఒక చట్రాన్ని ఆమోదించింది. ముందు విస్తీర్ణం, తర్వాత స్థితి, ఆ తర్వాత ఆ భూమి చేస్తున్న సేవలు, చిట్టచివర రూపాయల విలువ అన్నది దాని క్రమం. దేశాల స్థాయి లెక్కలకు తయారైనదే అయినా, అయిదెకరాల చేనికీ ఆ క్రమం సరిపోతుంది. పరికరాలు మాత్రం చిన్నవవుతాయి. రూపాయల నుంచి మొదలుపెట్టి వెనక్కు నడిచే లెక్కల మీద నాకు నమ్మకం లేదు. అందుకే ఇక్కడ రూపాయలకు చివరి చోటే ఇచ్చాను.

కొలిచే రోజు

కొబ్బరి తోటను ఎప్పుడు చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఏటా నాటి ఏటా కోసే భూమి అలా కాదు. జులైలో దమ్ము బురద, అక్టోబరులో నిలవ నీరు, జనవరిలో మళ్ళీ దమ్ము, మే నెలలో చెయ్యి దూరేంత పగుళ్ళు. ఒక ఏడు జనవరిలోనూ మరో ఏడు మేలోనూ కొలిచి రెండింటినీ పోల్చితే, మీరు పోల్చింది రుతువులను తప్ప చేనును కాదు.

డెల్టా రైతుకు ఇందులో ఒక వెసులుబాటుంది. దాళ్వా (రబీ వరి) తర్వాత కాలువలు కట్టేస్తారు, చేను ఖాళీగా ఉంటుంది. దాళ్వా కోత అయిన వారం పది రోజుల్లో, నేలలో ఇంకా కొంచెం పదును (తేమ) ఉండగా, పగుళ్ళు తీయకముందే మట్టి కొలతలన్నీ పూర్తిచేయండి. ప్రతిసారీ అదే సమయం, అదే పదును ఉండాలి. తేదీతో పాటు కోత ఎన్నాళ్ళ క్రితం అయింది, మధ్యలో వాన పడిందా అన్నవి కూడా రాయండి. దాళ్వా లేని శివారు (కాలువ చివరి) ఊళ్ళలో సార్వా (ఖరీఫ్ వరి) తర్వాతి ఖాళీనో, అపరాలు తీసిన తర్వాతి ఖాళీనో ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా దాన్ని మార్చవద్దు.

మొదటి అడుగు: చేను పటం

సర్వే నంబరు, ఎఫ్.ఎం.బి. (సర్వే శాఖ కొలతల పటం) నకలు దగ్గర పెట్టుకుని చేను బొమ్మ పెద్దగా గీయండి. రికార్డులో ఉన్న విస్తీర్ణం అంతా సాగులో ఉండదు. గట్లు, పంట బోదె, కళ్ళం, ఇంజను దిమ్మ, మూల మీది తాటిచెట్ల గుంపు కూడా అందులోనే ఉంటాయి. వీటిని విడివిడిగా సెంట్లలో రాయండి. ఒక సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు. ఫోనులోని ఉపగ్రహ పటం మీద చుట్టూ గీత గీస్తే విస్తీర్ణం అదే చెబుతుంది. గట్ల సెంట్లను వృథాగా చూడకండి. డెల్టాలో దున్నని నేల మిగిలిందే అక్కడ. మిత్రపురుగులకు కోత నుంచి నాట్ల దాకా తలదాచుకునే చోటు కూడా అదే.

తర్వాత చేనును మెరక, పల్లం, మురుగు వారగా ఉన్న మళ్ళు అని ముక్కలు చేయండి. ఒకే సర్వే నంబరులో మెరక మడికీ పల్లపు మడికీ పొంతన ఉండకపోవచ్చు. అయిదెకరాలకు మూడు ముక్కలు చాలు. ఇక మీద ప్రతి కొలతా ముక్కల వారీగానే ఉంటుంది. చుట్టుపక్కల ఏముందో కూడా పటంలో గుర్తించండి, ముఖ్యంగా ఆనుకుని చేపల చెరువో రొయ్యల చెరువో ఉంటే అది ఎప్పుడు తవ్వారో రాయండి. పాత ఉపగ్రహ చిత్రాలను వెనక్కు జరిపి చూస్తే ఆ సంవత్సరం తెలుస్తుంది. పక్కన చెరువు వచ్చిన చేనికి అంతకుముందు లెక్క, ఆ తర్వాతి లెక్క వేరు.

రెండో అడుగు: మట్టి

భూసార పరీక్ష కార్డు ఉందిగా అనవచ్చు. 2015లో మొదలైన ఆ పథకంలో పి.హెచ్., లవణ సూచిక (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, అయిదు సూక్ష్మపోషకాలు కలిపి పన్నెండు అంశాలు చూస్తారు. పనికొచ్చే కార్డే. అయితే నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్ల గడికి ఒక నమూనా అన్నది దాని కొలమానం. అంటే ఆరెకరాలకు పైబడిన జాగాకు ఒక్క గుప్పెడు మట్టి. అది మీ చేనిది కాకపోవచ్చు. పైగా మట్టి బరువు అందులో ఉండదు, బరువు తెలియకుండా నిల్వ లెక్క తేలదు. కాబట్టి నమూనాలు మీరే తీయండి.

ఒక్కో ముక్కలో వంకర టింకరగా నడుస్తూ ఎనిమిది నుంచి పది చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున ఆంగ్ల ‘వి’ అక్షరం ఆకారంలో గుంట తీసి, ఒక గోడ నుంచి పై నుంచి కింది దాకా సమంగా మట్టి చెక్కండి. గట్టు పక్కన, చెట్టు నీడలో, ఎరువు కుప్ప వేసిన చోట, గడ్డి తగలబెట్టిన మచ్చల్లో తీయవద్దు. కోత యంత్రం చక్రాల జాడల్లోనూ తీయవద్దు. వాటి సంగతి తెలుసుకోవాలనుకుంటే విడిగా తీయండి. అంతా గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తెచ్చి నీడన ఆరబెట్టండి. గుంటలు తీసిన చోట్లను ఫోనులో గుర్తు పెట్టుకోండి. మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

ప్రయోగశాలకు పంపేటప్పుడు ఒక చిన్న ఉపాయం. ఒక ముక్క మట్టిని రెండు సంచుల్లో వేసి, రెండు వేర్వేరు పేర్లతో పంపండి. సేంద్రియ కర్బనం ఒకదానికి 0.58, మరొకదానికి 0.64 వచ్చిందనుకోండి. అంతకంటే చిన్న తేడా ఏటేటా కనిపించినా దాన్ని మార్పుగా లెక్కించకూడదని మీకు తెలిసిపోతుంది. ఎవరినీ తప్పుపట్టాల్సిన పని లేదు, కొలతకు ఉండే వణుకు అది. ఈ ఒక్క పనీ చేయకుండా పెరిగింది, తగ్గింది అని రాసిన లెక్కలను నేను పక్కన పెట్టేస్తాను.

ఇక బరువు. మట్టి స్థూల సాంద్రత కొలవడానికి అయిదు సెంటీమీటర్ల లోపలి వ్యాసం, అయిదు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఇనుప గొట్టపు ముక్క, అంచు పదునుపెట్టినది, చాలు. దాని లోపలి ఘనపరిమాణం 98 ఘన సెంటీమీటర్లు. పై అయిదు సెంటీమీటర్ల మట్టి తీసేసి, 5 నుంచి 10 సెంటీమీటర్ల పొరలో గొట్టాన్ని మెల్లగా దిగ్గొట్టండి. చుట్టూ తవ్వి తీసి, రెండు వైపులా కత్తితో సమం చేసి, లోపలి మట్టిని సంచిలో మూట కట్టండి. 105 డిగ్రీల దగ్గర ఇరవై నాలుగు గంటలు ఆరబెట్టి తూచాలి. ఇంట్లో అది కుదరదు కనుక పశ్చిమ గోదావరి జిల్లా ఉండి, తూర్పు గోదావరి జిల్లా కలవచర్ల ఊళ్ళలోని కృషి విజ్ఞాన కేంద్రాల వంటి చోట అడిగి చూడండి. గ్రాముల బరువును 98తో భాగిస్తే సాంద్రత వస్తుంది. ముక్కకు నాలుగైదు గొట్టాలైనా తీసి సగటు వేయండి. మన రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అదే పదునులో కొలవమని మొదట్లో పట్టుబట్టింది ఇందుకే.

ఇప్పుడు లెక్క. కర్బన శాతం, సాంద్రత, సెంటీమీటర్ల లోతు, ఈ మూడింటినీ హెచ్చవేస్తే హెక్టారుకు టన్నుల్లో కర్బన నిల్వ వస్తుంది. 2.47తో భాగిస్తే ఎకరం లెక్క. ఉదాహరణకు కర్బనం 0.62 శాతం, సాంద్రత 1.35 ఉన్న చేను తీసుకుందాం. 15 సెంటీమీటర్లకు 12.56 టన్నులు, అంటే ఎకరానికి అయిదు టన్నుల పైచిలుకు.

ఇక్కడే ఒక మోసం ఉంది. మరుసటి ఏడు తడి చేనులో కోత యంత్రం తిరిగి నేల గట్టిపడింది. సాంద్రత 1.48కి చేరింది, కర్బనం 0.62 దగ్గరే ఉంది. అదే సూత్రం వేస్తే 13.76 టన్నులు వస్తుంది. నేల చెడితే నిల్వ పెరిగినట్టు లెక్క చూపుతోంది! గట్టిపడిన నేలలో అదే 15 సెంటీమీటర్లలోకి ఎక్కువ మట్టి చేరడమే దీనికి కారణం. అందుకని లోతును సమానం చేయకుండా మట్టి బరువును సమానం చేయాలి. మొదటి ఏటి బరువు 1.35 ఇంటు 15, అంటే 20.25. దాన్ని 1.48తో భాగిస్తే 13.68 సెంటీమీటర్లు. రెండో ఏడు ఆ లోతు వరకే లెక్కిస్తే మళ్ళీ 12.55 వస్తుంది. చేనులో కర్బనం ఏమీ పెరగలేదని తేలుతుంది.

కర్బనం ఏటేటా కొలిచి చూసుకునేంత వేగంగా మారదు. మూడు నుంచి అయిదేళ్ళకోసారి చాలు. భూసార కార్డు కొలమానం ప్రకారం 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే ఎక్కువ.

దమ్ము కింద ఉండే గట్టి పొరను కూడా చూడండి. అర అంగుళం ఇనుప చువ్వను నిలువుగా దించుతూ ఎక్కడ మొరాయిస్తుందో ఇరవై చోట్ల రాసుకుంటే సరిపోతుంది. ఈ పొర మంచిదా చెడ్డదా అంటే పంటను బట్టి. వరికి అది ఆస్తి, నీరు కిందికి జారిపోకుండా ఆపేది అదే. ఆ చేనులోనే మినుములు వేస్తే వేరు దిగదు, వానకు నీరు నిలిచి మొక్క ఎర్రబారుతుంది. కాబట్టి ఆ కొలత పక్కన ‘వరికి’, ‘అపరాలకు’ అని రెండు గడులు పెట్టండి.

మూడో అడుగు: నీటి రాక, నీటి పోక

డెల్టా సహజ మూలధనంలో అన్నిటికన్నా బరువైనది ఇదే, ఏ కార్డూ చూపనిదీ ఇదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి నీటి రాక గురించి మాట్లాడని తరం లేదు. పోక గురించిన తగాదాలూ తక్కువేమీ కాదు. కృష్ణా గోదావరి డెల్టాల మురుగు పనుల కోసం రైతుల నుంచి పన్ను వసూలు చేయడానికి 1968లో ప్రత్యేక చట్టమే తెచ్చారు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు కూడా వారి ఫిర్యాదుల్లో ఉంది. శివారు చేను విలువను కాలువ ఎంత నిర్ణయిస్తుందో మురుగు కోడు (మురుగు కాలువ) కూడా అంతే నిర్ణయిస్తుంది.

కొలిచే పరికరం రెండు కర్రలు. సెంటీమీటర్ల గుర్తులు వేసిన ఒక కర్రను చేనులో అన్నిటికన్నా పల్లపు మడిలో, రెండోదాన్ని ఆ చేను నీరు పోయే మురుగు కాలువలో పాతండి. రెండింటి సున్నా ఒకే మట్టంలో ఉండాలి. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక గొట్టంలో నీళ్ళు పోసి రెండు చివర్లూ చూస్తే ఆ పని పావుగంటలో అవుతుంది. దూరం ఎక్కువైతే మధ్యలో ఒకటి రెండు మజిలీలు పెట్టుకోండి.

సార్వాలో పెద్ద వాన పడిన ప్రతిసారీ, నీరు దిగేదాకా రోజూ ఉదయం రెండు కర్రలూ చూసి రాయండి. రెండు అంకెలు పుట్టుకొస్తాయి. ఒకటి మునక రోజులు, అంటే నీరు పైరు సగం ఎత్తు దాటి ఎన్నాళ్ళు నిలిచింది. రెండోది ఎగదన్నిన రోజులు, అంటే మురుగు కాలువ మట్టం చేను మట్టం కన్నా పైన ఎన్నాళ్ళు ఉంది. మునక రోజులు ఎక్కువ, ఎగదన్నిన రోజులు తక్కువ అయితే లోపం మీ తూముదో మీ బోదెదో, పారతో సరిచేసుకోవచ్చు. రెండూ ఎక్కువైతే కింద ఎక్కడో గుర్రపు డెక్కో, పూడికో, అడ్డుకట్టో ఉంది. అది ఒక రైతు తీర్చగలిగేది కాదు, కానీ పది మంది రైతుల కర్రల లెక్కలు పక్కపక్కన పెట్టి అర్జీ రాస్తే దానికి ఉండే బరువు వేరు. సముద్రానికి దగ్గరున్న ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన, మొగల్తూరు వైపు ఆటుపోట్లు మురుగు మట్టాన్ని రోజుకు రెండుసార్లు మారుస్తాయి. అక్కడ పోటు వేళ ఒకటి, ఆటు వేళ ఒకటి రాయాలి.

విత్తనం పేరు కూడా ఈ పేజీలోనే ఉండాలి. మామూలు స్వర్ణ వరి రకం తట్టుకోలేని మునకను స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా తట్టుకుంటుంది. రకం మార్చాక దిగుబడి నిలబడితే మురుగు బాగుపడిందనుకోకండి. మునక రోజులు అంతే ఉన్నాయి, విత్తనం భరించింది.

తర్వాత ఉప్పు. జేబులో పట్టే లవణ సూచిక మీటరు కొనండి. సెంటీమీటరుకు 1,413 మైక్రోసైమెన్స్ (అంటే మీటరుకు 1.413 డెసీసైమెన్స్) ప్రామాణిక ద్రావణంలో ముంచి సరిచూసుకోండి. కాలువ నీటిని, మురుగు నీటిని, చేనులో నిలిచిన నీటిని నెలకోసారి, దాళ్వా చివర వారానికోసారి చూడండి. సాగునీరు మీటరుకు 0.7 డెసీసైమెన్స్ లోపు ఉంటే చింత లేదు, 3 దాటితే వాడకంలో చాలా జాగ్రత్త కావాలి. మట్టికైతే 20 గ్రాముల ఎండు మట్టిలో 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, అరగంట అడపాదడపా కలిపి, తేరాక చూడండి. ఈ అంకె మీ పాత అంకెతో పోల్చుకోవడానికి మాత్రమే. పుస్తకాల్లో ఉండే హద్దులు సంతృప్త మట్టి రసం (మట్టిని నీటితో ముద్దగా తడిపి తీసిన రసం) పద్ధతివి, ఆ పద్ధతిలో అంకె ఎక్కువ వస్తుంది. ఏ పద్ధతో రాయని లవణ సూచిక అంకెకు అర్థం లేదు. సంతృప్త రసం లెక్కన 4 దాటిన నేలను చౌడు అంటారు. వరి దిగుబడి మాత్రం 3 దాటగానే తగ్గడం మొదలుపెడుతుంది, ఆపైన ఒక్కో యూనిట్‌కు సుమారు 12 శాతం చొప్పున. పేరు రాకముందే నష్టం వస్తుందన్నమాట.

దాళ్వాలో వంతులవారీ నీళ్ళు అందక శివారు రైతులు ఆయిలింజను పెట్టి మురుగు కాలువ నీరు తోడుకోవడం మామూలే. ఆ తడి ఖరీదు డీజిలు ఒక్కటే అనుకుంటారు. ఎకరానికి పది సెంటీమీటర్ల తడి అంటే 405 ఘనమీటర్ల నీరు. దాని సూచిక 2 ఉంటే లీటరుకు సుమారు 1.28 గ్రాముల లవణం. మొత్తం అర టన్నుకు పైగా ఉప్పు ఒక్క తడితో ఎకరంలోకి చేరుతుంది. పైరు ఎండిపోతుంటే తోడవద్దని ఎవరూ అనలేరు. అయితే ఎన్ని తడులు, ఎంత సూచిక అన్నది రాసుకుంటే, సార్వాలో మంచి నీటితో ఎంత కడగాలో తెలుస్తుంది. మురుగు లాగని చేనులో ఆ కడగడం కూడా జరగదు. ఉప్పు పేజీ, మునక పేజీ పక్కపక్కనే ఉండాల్సినవి.

నాలుగో అడుగు: ప్రాణులు

దీన్ని కొందరు అలంకారంగా చూస్తారు. వరి రసం పీల్చే సుడిదోమను చూసిన రైతు అలా చూడడు. నాట్లు వేసిన నలభై, అరవై, ఎనభై రోజులకు చేను మధ్యలో నడుస్తూ ఇరవై కుదుళ్ళను అరచేత్తో తట్టి, నీటి మీద పడ్డవాటిని లెక్కించండి. దోమలు ఒక గడిలో. సాలీళ్ళు, దోమ గుడ్లు తినే మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు మరో గడిలో. రెండు పురుగులకు ఒక మిత్రుడు ఉంటే మందు కొట్టకుండా చూడవచ్చన్నది సస్యరక్షణ శాస్త్రవేత్తలు వాడే మామూలు కొలమానం. మందు కొట్టిన చేనులో ఈ నిష్పత్తి ఎన్నాళ్ళకు కోలుకుందో చూసుకోండి. కోలుకోవడానికి పట్టిన రోజులే ఆ నిల్వకు మంచి కొలత.

వానపాములకు 25 సెంటీమీటర్ల చదరం, 30 సెంటీమీటర్ల లోతు గుంట చాలు, పదునున్నప్పుడే. దమ్ము చేసిన మడిలో పెద్దగా దొరకవు కాబట్టి గట్టు మీద ఒకటి, మడిలో ఒకటి తవ్వి తేడా రాయండి. బోదెలో చేపపిల్లలు, నత్తలు, గట్ల మీద కొంగలు, గుడ్లగూబలు కనబడ్డాయా లేదా అని నెలకోసారి టిక్కు పెడితే చాలు. ఇందులో మరీ పట్టింపు అక్కర్లేదు.

అయిదో అడుగు: ఏమి పోయింది, ఏమి తిరిగొచ్చింది

ఇప్పటిదాకా నిల్వ. ఇది రాకపోకల లెక్క, ప్రతి పంటకూ ఒక పేజీ. 75 కిలోల బస్తా లెక్కన ఎకరానికి ముప్ఫై బస్తాలంటే 2.25 టన్నుల ధాన్యం. టన్ను ధాన్యం పండించడానికి పైరు మొత్తంగా 15 నుంచి 20 కిలోల నత్రజని, ఇంచుమించు అంతే పొటాషియం తీసుకుంటుంది. అంటే ఆ ఎకరం నుంచి 34 నుంచి 45 కిలోల నత్రజని కదిలింది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోలు. వేసిందీ తీసిందీ పక్కపక్కన రాయండి. వేసినదంతా పైరుకు అందదు, చాలా భాగం గాలిలోకో నీటిలోకో పోతుంది. కాబట్టి ఈ లెక్క సరిగ్గా తేలదు, దిక్కు మాత్రం చూపిస్తుంది.

పొటాష్ కథ గడ్డిలో ఉంది. టన్ను ఎండుగడ్డిలో 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటుంది. ఎకరానికి రెండు టన్నుల గడ్డి అంటే దాదాపు ఒక బస్తా మ్యూరేట్ ఆఫ్ పొటాష్. గడ్డి మోపులు కట్టి అమ్మితే ఆ బస్తా కూడా బండెక్కి పోయినట్టే, గడ్డి ధరలో దాన్ని ఎవరూ కలపరు. తగలబెడితే పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది కానీ నత్రజని దాదాపు అంతా పోతుంది.

అలాగని గడ్డి కలిపేయడం ఎప్పుడూ లాభమే అనలేం. నీరు నిలిచిన వరి చేను మీథేన్ వదులుతుంది. వాతావరణ మార్పుల అంతర ప్రభుత్వ సంఘం 2019లో సవరించిన లెక్కల ప్రకారం, దక్షిణాసియాలో ఎప్పుడూ నీరు కట్టిన వరికి హెక్టారుకు రోజుకు 0.85 కిలోలు. 110 రోజుల పంటకు ఎకరానికి 38 కిలోలు. వేడిని పట్టే శక్తిలో ఇది టన్ను కార్బన్ డయాక్సైడుకు సమానం. నీరు పెట్టడానికి నెల లోపు పచ్చిపచ్చిగా గడ్డి కలిపితే ఇది బాగా పెరుగుతుంది. నెలకు ముందే కలిపితే ఆ ప్రభావం అయిదో వంతుకు తగ్గుతుంది. సార్వాకూ దాళ్వాకూ మధ్య ఆ నెల వ్యవధి దొరకడం కష్టం. దాళ్వా గడ్డిని వేసవి దుక్కిలో కలిపితే దొరుకుతుంది. నా మాటైతే సార్వా గడ్డి పశువులకు, దాళ్వా గడ్డి నేలకు.

తడి, ఆరుగా నీరు కట్టే రైతులు ఆ మీథేన్ లెక్కను 0.55తో హెచ్చవేసుకోవచ్చు. దానికి 30 సెంటీమీటర్ల గొట్టం, కింది సగానికి రంధ్రాలు పెట్టినది, మడిలో పాతి, లోపలి నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్ళీ నీరు పెట్టాలి. ఉప్పు కిందనుంచి ఎగబాకే శివారు చేలలో ఈ పద్ధతిని తొందరపడి మొదలుపెట్టవద్దు. ముందు ఉప్పు పేజీ చూడండి.

ఆరో అడుగు: పోల్చడం, తర్వాత రూపాయలు

అంకెలన్నీ చేతికొచ్చాక దేనితో పోల్చాలి? ఊళ్ళో అదే రేగడిలో, అదే కాలువ కింద మంచిదని పేరున్న ఒక చేనును ఆనవాలుగా పెట్టుకుని, అక్కడా ఇవే కొలతలు తీయండి. అక్కడ కర్బనం 0.80, మీ పల్లపు ముక్కలో 0.58 అయితే మీ స్థితి నూటికి 73. ఉప్పుకు, మునకకు కూడా ఇలాగే వేయండి, అవి ఎక్కువైతే చెడు కనుక ఆనవాలు చేను అంకెను మీ అంకెతో భాగించి. వీటన్నిటినీ కలిపి చేనికి ఒకే మార్కు వేయాలని మనసు లాగుతుంది. వేయకండి. కర్బనం బాగుందని ఉప్పును క్షమించదు వరి. మూడు నాలుగు అంకెలు విడివిడిగానే ఉండనివ్వండి, అన్నిటికన్నా తక్కువున్న దాని కింద గీత గీయండి.

రూపాయల్లో చెప్పమని బ్యాంకో, సంఘమో, ఇంట్లో అన్నదమ్ములో అడగవచ్చు. పంట అమ్మకం నుంచి అన్ని ఖర్చులూ, ఇంటి మనుషుల కూలీ, పరికరాల అరుగుదల తీసేసి, మిగిలినదాన్ని భూమి ఇచ్చిందిగా లెక్కించడం ఒక పద్ధతి. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, బస్తాకు 1,777. ఖర్చులన్నీ పోగా ఎకరానికి ఏడాదికి 15,000 మిగులుతుందనుకుందాం. పాతికేళ్ళ రాబడిని 5 శాతం వడ్డీతో ఇప్పటి విలువకు తెస్తే సుమారు 2,11,000. 8 శాతంతో తెస్తే 1,60,000. మట్టిలో ఇసుమంత మార్పు లేకుండానే యాభై వేలు ఎగిరిపోయాయి. అందుకే రూపాయల అంకె ఇచ్చేటప్పుడు ఏ వడ్డీతో, ఎన్నేళ్ళకు అన్నది దాని పక్కనే రాయాలి, వీలైతే రెండు అంకెలూ ఇవ్వాలి.

గడ్డిలోని పొటాష్ విలువను ఇంతకుముందే రాబడిలో లెక్కించి ఉంటే మళ్ళీ విడిగా కలపకండి. ఎకరం అమ్మకపు ధరను సహజ మూలధనంగా రాసుకోవడం మరీ తప్పు. ఆ ధరలో రోడ్డు ఉంది, చెరువు తవ్వుకోవచ్చన్న ఆశ ఉంది, పట్టణం దగ్గరతనం ఉంది. దానికన్నా మగతా (బస్తాల్లో ఇచ్చే కౌలు) నిజాయితీగా మాట్లాడుతుంది. ఒకే ఊళ్ళో మెరక చేనికీ ముంపు చేనికీ ఎకరానికి ఎన్ని బస్తాల మగతా తేడా ఉందో అడగండి. మురుగు లేమికి ఊరు కట్టిన విలువ అది. మీ కర్రల లెక్కతో సరిపోలుతుందేమో చూడండి.

పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి

డెల్టాలో సాగు చాలావరకు కౌలుదారుల చేతిలో ఉంది. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం గడువు పదకొండు నెలలు. కర్బనం మార్పు కనబడడానికి అయిదేళ్ళు. ఏడాది తిరిగేసరికి చేను చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషిని పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లమని, పిల్లిపెసర కలపమని చెప్పడం తేలిక, చేయించడం కష్టం. ఖర్చు అతనిది, నిల్వ మరొకరిది అవుతుంది. అందుకని పుస్తకాన్ని చేనికి కట్టండి, మనిషికి కట్టవద్దు. యజమాని దగ్గర ఒక ప్రతి, సాగు చేసేవారి దగ్గర ఒక ప్రతి ఉండాలి. కౌలు చేతులు మారే ప్రతిసారీ ఇద్దరి ఎదుటా లవణ సూచిక, సాంద్రత కొలిచి ఇద్దరూ సంతకం చేయాలి. పచ్చిరొట్ట వేసి కలిపిన ఏడాది విత్తనం ఖర్చు, దున్నకం ఖర్చు ఆ పేజీలో రాసి, మగతాలో ఎన్ని బస్తాలు తగ్గించారో కూడా అక్కడే రాయాలి.

మొదటి ఏడు ఇవన్నీ చేయాలని చూస్తే విసుగొస్తుంది. పటం, రెండు కర్రలు, లవణ సూచిక మీటరు, ముక్కకో మట్టి సంచి, వాటిలో ఒకటి జంట సంచి. అంతటితో మొదలుపెట్టండి. సాంద్రత గొట్టం రెండో ఏడు, పురుగుల లెక్క ఓపిక ఉంటే. తుపాను, వరద వచ్చిన ఏళ్ళను ఎర్ర సిరాతో రాయండి. ఆ ఏటి అంకెలను సగటులో కలపకండి, తీసెయ్యనూ వద్దు. వాటికి పుస్తకం వెనక విడిగా నాలుగు పేజీలు వదిలిపెట్టుకోండి.